నాలుగేళ్ళ జూనిపర్ బోన్సాయ్: ఈ వసంతంలో ఏ పని చేయాలి, ఏ పని ఆపాలి?

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. నాలుగేళ్ళ క్రితం ఒక దుకాణంలో, మట్టి పైన గులకరాళ్ళు జిగురుతో అతికించి అమ్ముతున్న చిన్న కుండీలో జూనిపర్ అనే, చలికాలంలోనూ ఆకు రాల్చని మొక్క ఒకటి కొన్నాను. చీటీ మీద ప్రొకంబెన్స్ నానా అని రకం పేరు ఉంది. మొదటి చలికాలమంతా ఇంట్లో కిటికీ పక్కన ఉంచి దాన్ని దాదాపు పోగొట్టుకున్నాను. పెరట్లోకి మార్చి, ఆ రాళ్ళు ఊడదీసి, కాస్త పెద్ద కుండీలో పెట్టిన తరువాత కోలుకుంది. ఇప్పుడు మొదలు నా బొటనవేలంత లావు ఉంది, కొమ్మలు నాలుగు వైపులా పొదలాగా పాకాయి.

గత వేసవిలో ఒకరి సలహా విని వారం వారం చిగుళ్ళ కొసలను గోళ్ళతో గిల్లాను. ఆగస్టు వచ్చేసరికి గిల్లిన చోటల్లా ఆకు గోధుమరంగుకు తిరిగింది, ఒక కింది కొమ్మ పూర్తిగా ఎండిపోయింది. ఈ ఏప్రిల్‌లో పళ్ళెం వంటి బోన్సాయ్ కుండీలోకి మార్చి, కొమ్మలు తగ్గించి, వాటిని వంచడానికి లోహపు తీగ చుట్టి, ఆకారం ఒకేసారి పూర్తి చేద్దామని ఉంది. అలా చేయవచ్చా? ఇప్పుడు ఫిబ్రవరి చివరలో ఆకంతా ఊదారంగుగా ఉంది, అది కూడా జబ్బేనా?

సమాధానం (వర్జీనియా నుంచి)

ముందు రంగు సంగతి చెబుతాను. మీ ప్రాంతపు చలికి ఈ రకం జూనిపర్ ఊదా కలిసిన రాగిరంగుకు తిరగడం సహజమే, ఏప్రిల్‌లో ఎండ పెరిగేకొద్దీ పచ్చదనం తిరిగి వస్తుంది. మెరుపు పోయి, బూడిద చల్లినట్టు పాలిపోయిన ఆకుపచ్చ కనిపించినప్పుడు మాత్రం కంగారు పడాలి. వేళ్ళు చచ్చిన తరువాత కూడా జూనిపర్ ఆకు కొన్ని వారాల పాటు పచ్చగానే ఉంటుంది కాబట్టి, మనం తప్పు చేసిన రోజుకూ అది బయటపడే రోజుకూ మధ్య చాలా ఎడం ఉంటుంది.

ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. నా మొదటి జూనిపర్‌ను 2012 ఏప్రిల్‌లో ఒకే శనివారం నాడు సగానికి పైగా ఆకు కత్తిరించి, తీగ చుట్టి, వేళ్ళ మట్టి మొత్తం కడిగేసి బోన్సాయ్ కుండీలో నాటాను. మే నెలంతా పచ్చగా ఉంటే పొంగిపోయి ఇంటికి వచ్చిన వారందరికీ చూపించాను. జూన్ రెండో వారంలో ఒక రెమ్మను చేతివేళ్ళ మధ్య నలిపితే పొడిపొడిగా రాలింది. చెట్టు నాటిన వారంలోనే చచ్చి ఉంటుంది, నేను రెండు నెలలు దానికి నీళ్ళు పోస్తూ వచ్చాను. అందుకే మిమ్మల్ని గట్టిగా వారిస్తున్నాను: జూనిపర్ మీద ఏడాదికి ఒక్క పెద్ద పని మాత్రమే చేయండి.

దీనికి కారణం చెట్టు తీరులోనే ఉంది. జువ్వి, రావి వంటి వాటిని మోడు చేసినా మానులోంచి చిగురు వేస్తాయి. జూనిపర్ తన బలాన్ని ఎక్కువగా ఆకులోనే దాచుకుంటుంది. ఒక కొమ్మ మీద పచ్చని రెమ్మ ఒక్కటైనా మిగలకపోతే ఆ కొమ్మ ఇక చిగురించదు. పెరిగే కొసలన్నిటినీ గిల్లడం అంటే చెట్టు తిండి సంపాదించుకునే చోటునే పదే పదే తీసివేయడం. కాబట్టి గిల్లడం మానండి. మిగిలిన వాటిని దాటి పొడుగ్గా సాగిన రెమ్మను మాత్రం, అది పక్క రెమ్మ నుంచి చీలే చోటు వెతికి, సన్నని పదునైన కత్తెరతో, ఆకు తెగకుండా కాడను మాత్రమే కోయండి. తెగిన ఆకు అంచే గోధుమరంగుకు తిరుగుతుంది.

గత ఏడాది గిల్లుడుతో మీ చెట్టు ఇప్పటికే కొంత బలం పోగొట్టుకుంది కనుక, ఈ వసంతంలో వేళ్ళ పని ఒక్కటే పెట్టుకోండి. మార్చి చివర నుంచి ఏప్రిల్ మధ్య వరకు, కొత్త చిగురు కదలక ముందు, కుండీలోంచి తీసి, అడుగునా పక్కలా చుట్టుకుపోయిన వేళ్ళను మూడో వంతు వరకు తగ్గించండి. మొదలు చుట్టూ ఉన్న పాత మట్టిని కొంత అలాగే ఉంచండి, కడగవద్దు. కొత్త మట్టికి అకడమ (జపాను బంకమట్టి పలుకులు), ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), లావా రాయి సమపాళ్ళలో, 3 నుంచి 6 మిల్లీమీటర్ల పలుకులుగా, దుమ్ము జల్లెడ పట్టి వాడితే నీరు నిలవదు. పైన ఆకు జోలికి ఈ ఏడాది వెళ్ళవద్దు.

ఊరికే కూర్చోమని కాదు. చాప్‌స్టిక్ పుల్లతో మొదలు చుట్టూ పై మట్టిని మెల్లగా గీకి, వేళ్ళు మాను నుంచి విచ్చుకునే చోటు దాకా వెళ్ళండి. కొన్న కుండీల్లో ఆ చోటు తరచుగా ఒకటి రెండు అంగుళాల లోతున కప్పబడి ఉంటుంది. వేళ్ళు ఏ వైపు నుంచి చూస్తే నేలను పట్టుకున్నట్టు కనిపిస్తాయో, మాను వంపు ఏ వైపు నుంచి చక్కగా తెలుస్తుందో, అదే చెట్టుకు ముఖం అవుతుంది. ఈ నిర్ణయానికి ఒక వేసవి పట్టినా తొందరేమీ లేదు. వీలైతే ఒకసారి వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షోద్యానంలో, జపాన్ 1976లో ఇచ్చిన 53 చెట్లతో మొదలైన బోన్సాయ్ ప్రదర్శనశాలను చూసి రండి. బోన్సాయ్ కళాకారుడు జాన్ నాకా 1948లో మొదలుపెట్టి, చివరకు 11 జూనిపర్లతో తన మనవల గుర్తుగా పూర్తి చేసి, 1984లో అప్పగించిన గోషిన్ అనే చిన్న అడవి అక్కడ ఉంది. ఎన్ని వందల చిత్రాలు చూసినా అర్థం కానిది దాని ముందు నిలబడితే అర్థమవుతుంది.

ప్రశ్నించినవారు

మీ చెట్టు కథ చదివి నా ఏప్రిల్ ప్రణాళిక మానుకున్నాను, ధన్యవాదాలు. తీగ చుట్టడం ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలో, ఎండిన ఆ కింది కొమ్మను మొదలంటా కోసేయవచ్చో లేదో కూడా దయచేసి చెప్పండి.

సమాధానం (వర్జీనియా నుంచి)

ఎండిన కొమ్మను కోయవద్దు, అది మీకు దక్కిన ఆస్తి. జూనిపర్ అందంలో సగం ఎండిన చెక్కలోనే ఉంటుంది. ఎండిన కొమ్మను జిన్ అని, మాను మీద బెరడు పోయి తెల్లబడిన చారను షారి అని జపాను వారు అంటారు. కొమ్మ మొదట్లో బెరడును కత్తితో గుండ్రంగా కోసి, పటకారుతో నొక్కి తిప్పితే బెరడు ఊడి వస్తుంది. కొసను కత్తిరించకుండా పటకారుతో పట్టుకుని పీచు పీచుగా చీల్చి లాగితే గాలికి విరిగిన కొమ్మలా ఉంటుంది. చెక్క బాగా ఎండిన తరువాత, ఎండ ఉన్న రోజున దాన్ని కాస్త తడిపి, సున్నం–గంధకం ద్రావణాన్ని కుంచెతో పూయండి. మొదట పసుపుపచ్చగా ఉండి, ఎండకు తెల్లబడుతుంది, చెక్కను కుళ్ళకుండా కాపాడుతుంది. ఆరుబయట, చేతి తొడుగులతో, మట్టి మీద పడకుండా గుడ్డ కప్పి పూయండి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. షారిని మాత్రం మొదట సన్నని గీతలా మొదలుపెట్టి, బతికి ఉన్న బెరడు ఏ దారిన ఉబ్బుతున్నదో చూసుకుంటూ ఏటా కొద్దికొద్దిగా వెడల్పు చేయాలి.

తీగ చుట్టడం వచ్చే ఏడాది శరదృతువులో, వేళ్ళు కుదురుకున్న తరువాత పెట్టుకోండి. తీగ లావు కొమ్మ లావులో మూడో వంతు ఉంటే చాలు. నేర్చుకునేవారికి అల్యూమినియం మేలు, రాగి తీగ గట్టిగా పట్టినా చేయి తిరగాలి. మాను మీద ఒక చుట్టుతో ఆధారం తీసుకుని, దాదాపు 45 డిగ్రీల వాలుతో, కొమ్మను ఏ వైపు తిప్పదలచుకున్నారో ఆ దిశలోనే చుట్టండి. వంచేటప్పుడు రెండు బొటనవేళ్ళూ వంపు లోపలి వైపు ఆనించి, కొంచెం వంచి, ఆగి, మళ్ళీ కొంచెం వంచండి. చిటుక్కుమన్న శబ్దం వినపడితే అక్కడితో ఆపేయండి. పెన్సిల్ కన్నా లావైన కొమ్మకు ముందుగా నీళ్ళలో నానబెట్టిన రాఫియా నార బిగించి చుట్టాలి. జూనిపర్ కొమ్మ వంపు నిలబడటానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. మే నుంచి శరదృతువు చివర దాకా రెండు వారాలకొకసారి చూస్తూ, తీగ బెరడులోకి దిగుతున్నట్టు కనిపిస్తే ముక్కలుగా కత్తిరించి తీయండి. తిప్పి విప్పబోతే రెమ్మలు విరుగుతాయి.

ఆకారం దిద్దే ఆ మొదటిసారి ఆకు మూడో వంతుకు మించి తీయవద్దు. ఒకే కణుపు నుంచి చుట్టూ బయలుదేరే కొమ్మల వల్ల మాను అక్కడ ఉబ్బుతుంది కనుక ఒకటి రెండు ఉంచి మిగతావి జిన్‌గా మార్చండి. మొదలు ఇంకా లావు కావాలంటే, అడుగున ఒక కొమ్మను రెండు మూడేళ్ళ పాటు కత్తెర తగలకుండా వదిలేసి, పని అయిన తరువాత తీసేయవచ్చు. ఆ తరువాతి సంవత్సరాలలో పని అంతా చిన్నదే: పంగల్లో మొలిచే బలహీనపు రెమ్మలు, కొమ్మ అడుగున వేలాడేవి తీసి, లోపలి రెమ్మలకు వెలుతురు తగిలేలా చూడడం. వెలుతురు అందని లోపలి ఆకు ఎండిపోతే పచ్చదనం కొసలకు మాత్రమే మిగులుతుంది, అప్పుడు వెనక్కి కత్తిరించే వీలే ఉండదు.

ప్రశ్న (బెంగళూరు నుంచి)

నేను ఆరేళ్ళుగా మేడ మీద చైనీస్ జూనిపర్ పెంచుతున్నాను. ఇక్కడ అకడమ ధర భరించలేక ఇటుక ముక్కలూ ముతక ఇసుకా వాడుతున్నాను. ఆకు పొలుసులా ఉండేది, పోయిన ఏడాది గట్టిగా కత్తిరించాక ముళ్ళలాంటి ఆకు వస్తోంది. విజయవాడలో ఉన్న మా అన్నయ్య కూడా ఒకటి కొనుక్కుంటానంటున్నాడు.

సమాధానం (వర్జీనియా నుంచి)

జల్లెడ పట్టిన ఇటుక ముక్కలు మంచివే, వానాకాలంలో నీరు నిలవకుండా ఉంటే చాలు. ముళ్ళ ఆకు చెట్టు తట్టుకోలేనంత కత్తిరించారనడానికి గుర్తు. ఏడాది రెండేళ్ళు కత్తెర పక్కన పెట్టి, వేపపిండి, ఆముదపు పిండి వేస్తూ వదిలేస్తే పొలుసు ఆకు మెల్లగా తిరిగి వస్తుంది. అది వచ్చిన కొమ్మల నుంచి ముళ్ళ ఆకును తరువాత తీయవచ్చు. మార్చి, ఏప్రిల్ పొడి ఎండల్లో ఎర్రనల్లిని కనిపెట్టి ఉండండి: తెల్ల కాగితం మీద రెమ్మను తట్టితే పడిన నలుసుల్లో కొన్ని కదులుతాయి. ఉదయం పూట ఆకు అడుగున గట్టి ధారతో నీళ్ళు కొట్టడం తొలి మందు.

విజయవాడ ఎండకు, చలికాలంలో చెట్టుకు విశ్రాంతి దొరకని ఆ వాతావరణానికి జూనిపర్ తగదు. మీ అన్నయ్య గారిని జువ్వి, చింత, బోగన్‌విలియాల వైపు మళ్ళించండి, వాటితో ఆయనకు ఫలితం త్వరగా కనిపిస్తుంది.

ప్రశ్నించినవారు

న్యూజెర్సీ నుంచి మళ్ళీ నేనే. ఏప్రిల్ 6న కుండీ మార్చాను. అడుగున వేళ్ళు గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉన్నాయి, వాటిలో ఒకటి మొదలును కూడా చుట్టుకుని బిగిసి ఉంటే కోసి తీశాను. చెట్టు కుండీలో కాస్త ఊగుతున్నట్టు ఉంది.

సమాధానం (వర్జీనియా నుంచి)

ఊగకూడదు, కొత్త వేళ్ళు తెగుతాయి. కుండీ అడుగు రంధ్రాల గుండా తీగ పైకి తెచ్చి, వేళ్ళ ముద్ద మీదుగా బిగించి కట్టండి. రెండు వారాలు గాలి తగలని నీడలో ఉంచి, ఆ తరువాత ఉదయపు ఎండకూ, మే నుంచి పూర్తి ఎండకూ తీసుకురండి. ఎరువు నెలన్నర వరకు వేయవద్దు. చాప్‌స్టిక్ పుల్లను మట్టిలోకి గుచ్చి తీసి, అది పైపైన మాత్రమే ఆరి, రెండు అంగుళాల కింద ఇంకా చల్లగా చెమ్మగా ఉంటే ఆ రోజు నీళ్ళు పోయనవసరం లేదు.