ఓట్లతో గెలిచిన గొంతుకు తరువాత పాటలు వస్తున్నాయా? మీ అనుభవాలు చెప్పండి

రాజమండ్రి శ్రోత:

అందరికీ నమస్కారం. మా అక్క కూతురు ఒక టీవీ చానల్ వారి పాటల పోటీలో చివరి పన్నెండు మందిలోకి వచ్చింది. వచ్చే నెల నుంచి ప్రేక్షకుల ఓటింగు ఉంటుందని చెప్పారట. ఆ కబురు వచ్చిన రోజు నుంచి మా బావగారింట్లో సాధన వెనకబడిపోయి ఓట్ల సంగతి ముందుకొచ్చింది. బంధువులకొక వాట్సాప్ గ్రూపు, కులసంఘం వారికొకటి, కాలేజీ స్నేహితులకొకటి తయారయ్యాయి. సెంటర్లో ఫ్లెక్సీలు కట్టించడానికి అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. మొత్తం మీద లక్షన్నర దాకా ఖర్చు పెట్టడానికి బావగారు సిద్ధంగా ఉన్నారు. అమ్మాయి బాగా పాడుతుంది, అందులో నాకు సందేహం లేదు. నాకున్న సందేహమల్లా ఈ ఓట్ల వల్ల గెలిచినవారికి ఆ తరువాత పాటలు, సంపాదన నిజంగా వస్తున్నాయా అని. దగ్గరగా చూసినవారు చెబితే మా బావగారికి చదివి వినిపిస్తాను.

పాత కోఠి:

శ్రోత గారూ, 2006లో నాకు కోఠిలో సెల్‌ఫోన్ రీచార్జి దుకాణం ఉండేది. ఇండియన్ ఐడల్ రెండో సీజను ఆఖరి పోటీలో మన హైదరాబాదు కుర్రవాడు కారుణ్య, బికనేరు నుంచి వచ్చిన సందీప్ ఆచార్య మిగిలారు. ఆ వారం మా దుకాణానికి దసరా పండగే అనుకోండి. ఒక ఆటో డ్రైవరు అన్న రోజూ సాయంత్రం వచ్చి వంద రూపాయల కార్డు గీకించుకుని, అక్కడే స్టూలు మీద కూర్చుని, పంపిన సందేశాన్నే మళ్ళీ తెరిచి పంపుతూ ఉండేవాడు. ఓటు అందిందని చానల్ వారు పంపే జవాబులతో ఆ చిన్న ఫోను ఇన్‌బాక్సు నిండిపోయేది. అప్పుడు వాటిని ఒక్కొక్కటే తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆయనకు హిందీ పాటలంటే పెద్ద ఇష్టమేమీ లేదు. ‘మన పోరడు’ అన్న ఒక్క మాట మీద అంత డబ్బు తగలేశాడు.

చివరికి గెలిచింది సందీప్. చక్కటి గొంతు, వినయం గల మనిషి అని మా కోఠిలో కూడా ఒప్పుకున్నారు. పాపం, ముప్ఫై ఏళ్ళు నిండకుండానే 2013 డిసెంబరులో కామెర్లతో పోయాడు. కారుణ్య ఆ తరువాత తెలుగు సినిమాల్లో పాడుతూ వచ్చాడు. అయితే నాకు గుర్తుండిపోయింది వేరే సంగతి. అన్ని కార్డులు గీకిన ఆ ఆటో అన్న కారుణ్య పాటల సీడీ ఒక్కటి కూడా కొన్నట్టు నేను చూడలేదు. మా పక్క కొట్టే సీడీల కొట్టు.

డాలస్ నుంచి సుబ్బారావు మనవడు:

ఇక్కడ అమెరికన్ ఐడల్‌కు టోల్ ఫ్రీ నంబర్లు ఉండేవి కాబట్టి ఫోనులో ఓటు వేయడానికి డబ్బు అక్కరలేదు. కావలసింది ఓపిక, రీడయల్ బటను. కార్యక్రమం అయిపోయాక రెండు గంటలు లైన్లు తెరిచి ఉంచేవారు. 2003లో యూనివర్సిటీ హాస్టల్లో మా గది పక్కనున్న అమ్మాయిలు ఫైనల్‌కు చేరిన క్లే ఐకెన్ కోసం బిజీ టోను వింటూ ఆ రెండు గంటలూ కూర్చున్నారు. మొత్తం 2.4 కోట్ల ఓట్లు పడితే అతని ప్రత్యర్థి రూబెన్ స్టడార్డ్ 1,34,000 ఓట్ల తేడాతో గెలిచాడు. ఆ ఏడాదే వచ్చిన క్లే ఐకెన్ తొలి ఆల్బం మొదటి వారంలో 6,13,000 అమ్ముడుపోతే, డిసెంబరులో వచ్చిన రూబెన్ ఆల్బం మొదటి వారంలో 4,17,000 దగ్గర ఆగింది. అదీ తక్కువేమీ కాదు గాని, ఓట్ల వరస కొట్లో తిరగబడిందన్నది మాత్రం నిజం.

మరుసటి ఏడాది జెన్నిఫర్ హడ్సన్‌ను ప్రేక్షకులు ఏడో స్థానంలోనే ఇంటికి పంపించారు. 2007లో ఆమె ఆస్కార్ అందుకుంది. 2006లో నాలుగో స్థానంలో ఆగిన క్రిస్ డాట్రీ బృందం తొలి ఆల్బం అమెరికాలో 40 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆ సీజను గెలిచిన టేలర్ హిక్స్ పేరు మా పిల్లలకు తెలియదు. బ్రిటన్‌లోనూ అదే కథ. 2010లో ఎక్స్ ఫ్యాక్టర్ అనే పాటల పోటీని గెలిచింది మ్యాట్ కార్డిల్ అయితే, మూడో స్థానంలో మిగిలిన అయిదుగురు కుర్రవాళ్ళ వన్ డైరెక్షన్ ప్రపంచమంతా తిరిగి స్టేడియాలు నింపింది.

లెక్కల మాస్టారు:

మనవడు గారు చెప్పిన ఉదాహరణలు నిజమైనవే గాని, వాటి నుంచి ‘ఓడినవారే పైకి వస్తారు’ అన్న తీర్మానానికి తొందరపడి రాకూడదు. ఒక సీజనులో గెలిచేది ఒక్కరు, ఓడేది తొమ్మిదీ పదిమంది. ఆ తొమ్మిదిమందిలో ఏ ఒక్కరు పేరు తెచ్చుకున్నా మనం దాన్నే కథగా చెప్పుకుంటాం. అడ్రసు లేకుండా పోయిన మిగతా ఎనిమిదిమందిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కెల్లీ క్లార్క్‌సన్ 2002లో, క్యారీ అండర్‌వుడ్ 2005లో ఓట్లతోనే గెలిచారు. వారిని మించి అమ్ముడుపోయిన పోటీదారులు ఆ కార్యక్రమంలో ఎంతమంది ఉన్నారో చెప్పండి.

అసలు తేడా ఓటు దేన్ని కొలుస్తుందన్న దగ్గర ఉంది. ఒకడే అయిదువందల ఓట్లు వేయడం, అయిదువందల మంది తలా ఒకటి వేయడం తెర మీద ఒకే అంకెగా కనిపిస్తాయి. కొట్లోకి వచ్చేసరికి మొదటివాడు కొనేది ఒక్క సీడీయే. పైగా ప్రతివారం జరిగేది అందరికంటే తక్కువ ఓట్లు వచ్చినవారిని పంపేయడం కనుక, ఒకే తరహాలో పాడేవారు ఇద్దరుంటే అభిమానులు చీలిపోయి మంచి గొంతు ఒకటి నిష్కారణంగా బలి అవుతుంది. ‘ఈమె ఎలాగూ ఉంటుందిలే’ అనుకుని అందరూ ఊరుకున్న వారమే బాగా పాడే అమ్మాయి వెళ్ళిపోతుంది. ఎన్నికల్లో గెలుస్తాడనుకున్న అభ్యర్థి ఓడిపోవడం మనకు కొత్తా?

ఇక డబ్బు సంగతి. ఇది పాటల పోటీ కాదు గాని, 2007లో కౌన్ బనేగా కరోడ్‌పతి చూసేవారి కోసం పెట్టిన ఎస్సెమ్మెస్ పోటీలో ఒక్కో సందేశానికి 2.40 రూపాయలు పడేవి. ఆ సందేశాల సొమ్ములోంచే బహుమతులిస్తూ ఉచితమన్నట్టు చూపారని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ స్టార్ ఇండియాకు, ఎయిర్‌టెల్‌కు కలిపి కోటి రూపాయల జరిమానా వేసింది. ఆ తరువాత సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. తీర్పు ఎటు వెళ్ళినా, అలాంటి సందేశం మామూలు ఎస్సెమ్మెస్ ధరకు పోదని ఆ కేసు వల్ల జనానికి తెలిసింది.

మిక్సింగ్ బల్ల:

ఇరవై ఏళ్ళకు పైగా హైదరాబాదులో రికార్డింగు పని చేస్తున్నాను కనుక కొంచెం వివరంగా రాస్తాను. అమెరికా లెక్కలు మనకు సరిపోవు. అక్కడ గాయకుడి ఆల్బం జనం కొంటారు. మన దగ్గర గాయకుడి గొంతును కొనేది జనం కాదు, సంగీత దర్శకుడు. ఆయన తరువాత దర్శకుడు, నిర్మాత, ఒక్కోసారి హీరో కూడా ఔననాలి. ఒకే పాటను ముగ్గురు నలుగురి చేత పాడించి పెట్టుకోవడం ఇక్కడ మామూలు. తన గొంతు ఉందో, తీసేసి వేరేవారిది పెట్టారో పాట విడుదలయ్యే రోజు దాకా గాయకుడికే తెలియదు. లక్షల ఓట్లు వచ్చిన మనిషి అయినా సరే, ఇక్కడికి వచ్చాక ఆ నలుగురి ఓట్లే ఓట్లు.

ఒక సంఘటన చెబుతాను, పేర్లు వద్దు. ఒక పోటీలో విజేతగా నిలిచిన అమ్మాయి మా స్టూడియోకి ట్రాక్ పాడడానికి వచ్చింది. సాహిత్యం ఇంకా రాలేదు, సంగీత దర్శకుడు తననానా అంటూ పాడి పంపిన ట్యూను మాత్రం ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండుసార్లు విని, ‘సర్, ఇది ముందు ఎవరు పాడారండీ, ఒకసారి వినిపిస్తారా?’ అని అడిగింది. ముందు ఎవరూ పాడలేదమ్మా, నువ్వే పాడాలి అన్నాను. ఆ అమ్మాయి ముఖంలో వచ్చిన మార్పు నాకు ఇప్పటికీ గుర్తే. ఎవరో మహానుభావులు పాడిన పాటను వారి కంటే కాస్త తక్కువగానో, వారికి దీటుగానో పాడడంలో ఆరునెలలు గడిపిన పిల్ల, ఎవరూ పాడనిదాన్ని ఎలా పాడాలో ఎన్నడూ నేర్చుకోలేదు. తప్పు ఆమెది కాదు. పోటీలో ఎవరూ ఆ పరీక్ష పెట్టలేదు. ప్రేక్షకులు సగం ఓటు ఆ పాట మీద తమకున్న పాత ప్రేమకే వేస్తారు.

అర్జిత్ సింగ్ సంగతి చూడండి. 2005లో ఫేమ్ గురుకుల్‌లో ప్రేక్షకుల ఓట్లు చాలక ఫైనల్ చేరకుండానే వెళ్ళిపోయాడు. తరువాత మరో పోటీలో గెలిచిన డబ్బుతో సొంత రికార్డింగు ఏర్పాటు చేసుకుని, సంగీత దర్శకుల దగ్గర ప్రోగ్రామరుగా, సహాయకుడిగా ఏళ్ళ తరబడి పనిచేశాడు. మన శ్రీరామచంద్ర 2010లో ఇండియన్ ఐడల్ గెలిచాడు. 2013లో వచ్చిన ‘యే జవానీ హై దివానీ’లో ఇద్దరూ పాడారు. ఓట్లు గెలిచిన శ్రీరామచంద్రకు ఒక మంచి పాట దక్కితే, ఓట్లు పోగొట్టుకున్న అర్జిత్‌కు ఒకటికి మించి దక్కాయి. శ్రీరామచంద్ర గొంతులో లోపముందని నేను అనను, ఉందని అనేవారు నాతో వాదనకు రావచ్చు. బొంబాయి స్టూడియోల్లో గడిపిన ఆ ఏళ్ళే అర్జిత్‌కు కలిసివచ్చాయని నా నమ్మకం. రేవంత్ విషయం మరోలా ఉంటుంది. అతను 2017లో ఇండియన్ ఐడల్ గెలిచేనాటికే బాహుబలిలో పాడి ఉన్నాడు. అంటే ఆ కిరీటం అతనికి పాట ఇవ్వలేదు, పాటలున్న మనిషికే కిరీటం వచ్చింది.

ఈటీవీలో 1996లో మొదలైన పాడుతా తీయగాకు ప్రేక్షకుల ఓట్లు ఆధారం కావు. బాలుగారు, ఆయన పక్కన కూర్చున్న అతిథులు చెప్పిందే తీర్పు. ‘ళ’ పలకవలసిన చోట ‘ల’ పలికితే అక్కడే దిద్దేవారు. ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ వంటివారు ఆ వేదిక మీదినుంచి నేరుగా సినిమా పాటకు వచ్చారు. ఆ తీర్పు చెప్పినవారూ సినిమా పాటవారే కావడం ఇందుకు ఒక కారణం కావచ్చు.

ఒకప్పటి సిలిగురి ఉద్యోగి:

2007లో బ్యాంకు పని మీద నన్ను సిలిగురిలో వేశారు. కోల్‌కతా పోలీసు కానిస్టేబులు, డార్జిలింగు గూర్ఖా కుర్రవాడు ప్రశాంత్ తమాంగ్ ఇండియన్ ఐడల్ మూడో సీజను ఫైనల్లో షిల్లాంగ్‌కు చెందిన అమిత్ పాల్‌తో తలపడ్డాడు. కొండల్లో చందాలు పోగుచేసి, ఫోన్ బూతులు మాట్లాడుకుని ఓట్లు వేయించడం నేను కళ్ళారా చూశాను. ఆ ఫైనల్లో దాదాపు 7 కోట్ల ఓట్లు పడ్డాయని చెప్పుకున్నారు. అతను గెలిచాక ఢిల్లీలో ఒక రేడియో వ్యాఖ్యాత గూర్ఖాలను చులకన చేస్తూ మాట్లాడితే, సెప్టెంబరు ఆఖరులో సిలిగురిలో ఊరేగింపు కాస్తా గొడవగా మారి కర్ఫ్యూ పెట్టారు, సైన్యం వచ్చింది. మా బ్రాంచి షట్టరు దించుకుని లోపలే ఉండిపోయాం. ఓట్ల ప్రచారాన్ని ముందుండి నడిపిన బిమల్ గురుంగ్ మరుసటి నెలలోనే గూర్ఖా జనముక్తి మోర్చా పార్టీ పెట్టాడు. తమాంగ్‌కు హిందీ పాటల్లో పెద్ద చోటు దొరకలేదు గాని, నేపాలీ సినిమాల్లో కథానాయకుడయ్యాడు. ఆ ఓట్లు వేసినవారు అతన్ని నిజంగానే తమవాడిగా చూసుకున్నారు. దాన్ని వ్యాపార విజయం కాదని నేను అనలేను.

ఓడిన గొంతు:

శ్రోత గారూ, మీ మేనకోడలి స్థానంలో నేను ఉన్నాను, చాలా ఏళ్ళ క్రితం. చానల్ పేరు చెప్పను. ప్రతి ఎపిసోడుకు ముందు మా ఇంటి కష్టాల గురించి అడిగేవారు. మా నాన్నగారు కిరాణా కొట్టు నడుపుతారని చెబితే, ‘కొట్టు బాగానే నడుస్తుందా?’ అని కాస్త నిరాశగా అడిగారు. నాలుగో వారంలో బయటికి వచ్చేశాను. అప్పటికి నాన్నగారు ఓట్ల కోసం ఎనభై వేలు అప్పు చేశారు. ఆ అప్పు తీరడానికి రెండేళ్ళు పట్టింది. అంతకంటే ఎక్కువ బాధపెట్టింది అగ్రిమెంటు. అందులో వారి అనుమతి లేకుండా వేరే చానల్లో గాని, బయటి కార్యక్రమాల్లో గాని కొంతకాలం పాడకూడదని ఉంది. జనానికి నా ముఖం గుర్తున్న ఆ కొద్ది నెలలూ ఇంట్లో కూర్చున్నాను.

ఇప్పుడు నా సంపాదన పెళ్ళిళ్ళ సంగీత్‌లు, దసరా వేదికలు, అమెరికాలోని మన పిల్లలకు ఆన్‌లైన్‌లో చెప్పే పాఠాల మీద నడుస్తోంది. చెడ్డగా ఏమీ లేదు. సినిమాలో కోరస్ పాడాను, సోలో రాలేదు. గెలిచిన అతనూ అవే వేదికల మీద పాడుతున్నాడు, కాకపోతే పోస్టరు మీద పేరుకు ముందు ‘విన్నర్’ అని ఉంటుంది కనుక పేమెంటు నాకంటే ఎక్కువ ఇస్తారు. 2022లో ఆహాలో తెలుగు ఇండియన్ ఐడల్ మొదటి సీజను వచ్చినప్పుడు శ్రీరామచంద్ర వ్యాఖ్యాతగా నిలబడి, వాగ్దేవి గెలిచిన ఆ సీజనంతా వేరే పిల్లల కోసం ఓట్లు అడుగుతుంటే చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. మీ బావగారికి నేను చెప్పేది ఒక్కటే. సంతకం పెట్టేముందు ఆ కాగితాలు ఎవరైనా వకీలుగారికి చూపించండి. ఫ్లెక్సీకి అయ్యే ఖర్చులో పదో వంతు కూడా కాదు.

రాజమండ్రి శ్రోత:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మొత్తం చదివి వినిపించాను. ‘ముందు ఎవరు పాడారండీ’ అన్న చోట అమ్మాయి నవ్వింది గాని, కాసేపటికి లేచి లోపలికి వెళ్ళి శ్రుతిబాక్సు పెట్టుకుంది. అగ్రిమెంటు నకలును బావగారు ఈ ఉదయమే తెలిసిన వకీలుగారికి పంపారు. మూడు వాట్సాప్ గ్రూపుల్లో కులసంఘం గ్రూపును తీసేశారు, మిగతా రెండూ ఉంటాయట. ఫ్లెక్సీలు వద్దని షాపుకు ఫోను చేస్తే, డిజైను అయిపోయింది కనుక అడ్వాన్సు వెనక్కి రాదని చెప్పారు. అందుకని ఒక్కటి మాత్రం వేయించి మా ఇంటి గేటుకు కట్టాం.