పిడుదులకు జింక తిండి పెడుతుంది సరే, జబ్బు అంటించేది ఏ జంతువు?

ప్రశ్న (భవానీపురం, విజయవాడ)
మా అమ్మాయి అమెరికాలోని కనెక్టికట్‌లో ఉంటోంది. వాళ్ళ పెరట్లోకి జింకలు వస్తాయి. వాటి పిడుదుల వల్ల లైమ్ వ్యాధి వస్తుందని ఇరుగుపొరుగువారు చెప్పారట. మేము మా కుక్కను కొండపల్లి అడవి అంచుకు తిప్పడానికి తీసుకువెళ్తుంటాము. నిన్న దాని చెవి వెనుక ఆముదం గింజంత పిడుదు కనిపించినప్పటి నుంచి నాకు అదే ఆలోచనగా ఉంది. జింకలు లేకపోతే ఈ జబ్బు కూడా ఉండదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (పశువైద్యుడు, గుంటూరు)
నమస్కారమండీ. పిడుదు కడుపు నింపే జంతువు వేరు, దానికి బాక్టీరియాను అంటించే జంతువు వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వల్లే జింకకు ఆ నింద వచ్చింది. లైమ్ వ్యాధికి కారణమైన బొరీలియా అనే బాక్టీరియాను శాస్త్రవేత్త విల్లీ బర్గ్‌డార్ఫర్ బృందం 1982లో లోకానికి వెల్లడించింది. అమెరికాలోని నల్లకాళ్ళ పిడుదు గుడ్డులోంచి వచ్చేటప్పుడు దాని ఒంట్లో ఆ బాక్టీరియా ఉండదు. ఆరుకాళ్ళ పిల్ల పిడుదు తొలి రక్తాన్ని ఎక్కువగా తెల్లకాళ్ళ చిట్టెలుక మీద తాగుతుంది కాబట్టి, ఏ బాధా లేకుండా తిరిగే ఆ ఎలుక నుంచే దానికి అంటుకుంటుంది. తరువాతి దశలో, గసగసాల గింజంత ఉన్నప్పుడు, అదే పిడుదు మనిషిని కరుస్తుంది. ఎదిగిన ఆడ పిడుదు జింక మీద రక్తం తాగి వేలల్లో గుడ్లు పెడుతుంది గాని, జింక ఒంట్లో బొరీలియా నిలవదు. జింక పిడుదుల సంఖ్యను పెంచుతుంది, లైమ్ జబ్బును అంటించదు.

అలాగని జింకకు ఏ పాత్రా లేదనలేము. అక్కడి తెల్లతోక జింకే ఎర్లీకియా చాఫీన్సిస్ అనే మరో బాక్టీరియాకు నిలయం. మచ్చల జ్వరాన్ని తెచ్చే రికెట్సియా అనే బాక్టీరియాలైతే తల్లి పిడుదు నుంచి గుడ్ల ద్వారానే పిల్లలకు దాటగలవు. బ్రెజిల్‌లో కాపిబరా అనే పెద్ద ఎలుకజాతి జంతువు ఒంట్లో అవి కొన్నాళ్ళు పెరిగి మరిన్ని పిడుదులకు చేరతాయి.

మీరు చెప్పిన ఆముదం గింజ పోలిక చాలా పాతది. లాటిన్‌లో రిసినస్ అంటే పిడుదు. ఆ పోలికను బట్టే ఆముదానికి ఆ శాస్త్రీయ నామం వచ్చింది.

జవాబు (వైద్యురాలు, విజయవాడ)
నల్లకాళ్ళ పిడుదు ఉత్తర అమెరికాది. మీ కుక్క మీద ఉన్నది బహుశా గోధుమరంగు కుక్క పిడుదు. మన దేశంలో మచ్చల జ్వరానికి కారణమైన రికెట్సియా కొనోరీని మోసే పిడుదుల్లో అదీ ఒకటి. స్క్రబ్ టైఫస్‌ను చాలామంది దీనితో కలిపేస్తారు గాని, అది పిడుదు వల్ల కాక, మైట్ అనే చిన్న పురుగు తాలూకు, కంటికి సరిగా ఆనని పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. రెండింటికీ డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పనిచేస్తుంది గనుక, ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే పిడుదు తీసిన సంగతి, అడవి అంచున తిరిగిన సంగతి డాక్టరుకు ముందుగానే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న కిరోసిన్ చుక్క వేసి తీశాను. అది సరైన పద్ధతేనా?

జవాబు (పశువైద్యుడు, గుంటూరు)
కిరోసిన్ వద్దండీ, అగరుబత్తి నిప్పు అసలే వద్దు. సన్నని పట్కారును చర్మానికి ఆనించి, పిడుదు మూతి దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి, వేళ్ళతో చిదమకండి. లైమ్ బాక్టీరియా దాటడానికి పిడుదు సాధారణంగా ఒక రోజుకు పైగా పట్టుకుని ఉండాలి కాబట్టి, పెరట్లో తిరిగిన రోజున సాయంత్రమే మోకాళ్ళ వెనుక, చంకల్లో, జుట్టు మొదళ్ళలో చూసుకోమని మీ అమ్మాయికి చెప్పండి.