కుక్క కాటు: సీరం గాయంలోకే అంతా వేయాలా, మిగిలింది తొడకా?

తిరుచానూరు_రోడ్డు
పక్కింటి పిల్ల, 18 కిలోలు. వీధికుక్క పిక్క పట్టింది, రెండు చోట్ల పన్ను దిగి నెత్తురొచ్చింది. కడిగినాము, రేబిస్ టీకా మొదటి సూది పడింది. సీరానికి (తయారుగా ఉన్న యాంటీబాడీల మందు) రేపు రమ్మన్నారు. ఆలస్యం కాదా? కుక్క పది రోజులు బతికుంటే సూదులు ఆపొచ్చా? గుడ్డు, కోడికూర పెట్టకూడదా? టీటీ?

చంద్రగిరి_సిస్టరు
కడిగినాము అంటే ఎట్ల? చెంబుడు నీళ్ళు పోసి గుడ్డతో తుడిస్తే లెక్కలోకి రాదు. కుళాయి కింద గడియారం చూసుకుని 15 నిమిషాలు, సబ్బు నురగ పన్ను దిగిన లోతుకు పోవాల. రేబిస్ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని చీలుస్తుంది. ఆ పైన పోవిడోన్ అయోడిన్ (క్రిములు చంపే మందు) పూయాల. సున్నం, కారం, పసరు పూసి వచ్చేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. కుట్లు కూడా వద్దు. తప్పనిసరైతే సీరం వేసినాకే, అదీ వదులుగా.

మందులషాపు_517501
లెక్క రాసుకోండి. గుర్రం నెత్తురు నుంచి తీసిన సీరం కిలోకు 40 యూనిట్లు, 18 కిలోలకు 720. సీసాలో మి.లీ.కు 300 ఉంటే 2.4 మి.లీ. మనిషి సీరం కిలోకు 20, అంటే 360. మి.లీ.కు 150 ఉండే సీసా అయితే అదీ 2.4 మి.లీ.యే. అట్లని లేబుల్ చూడకుండా లాగొద్దు, అంకె మారితే మి.లీ. మారుతుంది. గాయంలో పట్టినంత వేసి మిగిలింది తొడ కండకు.

పశువుల_డాక్టరు_చిత్తూరు
తొడకు వేసే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే పక్కన పెట్టింది. తొడలో వేస్తే ఒళ్ళంతా పలచబడి పిక్కకు చేరేది ఎంత? వైరస్ కాటు దగ్గరి కండలో ఉంటుంది. నరం కొసలోకి దూరిందంటే మన రక్షణ కణాలకు కనబడదు, నరం వెంబడే వెన్నుకు, మెదడుకు పోతుంది. టీకాతో ఒంట్లో యాంటీబాడీలు తయారవడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆ సందులో కాపలా కాసేది సీరమే. కాపలావాణ్ణి దొంగ ఉన్న గదిలో పెట్టకుండా వీధి చివర నిలబెడతారా?

మందులషాపు_517501
పశువుల డాక్టరు మనుషుల మోతాదు చెప్పే కాలం వచ్చింది. కంపెనీ కాగితంలో కండకు అనే ఉంది. మిగిలింది పారబోయమంటారా?

పశువుల_డాక్టరు_చిత్తూరు
రేబిస్ పుట్టేదే మా పేషెంట్ల దగ్గర సామీ. పారబోయమని ఎవరన్నారు? వేరే సిరంజీలో శుభ్రంగా తీసిపెట్టి ఇంకొకరి గాయానికి వాడొచ్చు. వేలి కొస, చెవి, ముక్కు అయితే పట్టినంతే. ఎక్కువ తోస్తే వేలు బిగిసి రక్తం ఆడదు. గాయాలు ఎక్కువై సీరం చాలకపోతే సెలైన్‌తో రెండు మూడింతలు పలచన చేయండి, యూనిట్లు మాత్రం పెంచొద్దు.

రిటైర్డ్_కాంపౌండర్
వేల సూదులు వేసిన చెయ్యి ఇది. గుర్రం సీరానికి ముందు చర్మం టెస్టు చేయకుండా ముట్టనే ముట్టను.

చంద్రగిరి_సిస్టరు
అన్నా, ఎవరికి పడదో ఆ టెస్టు సరిగ్గా చెప్పదు. టెస్టులో ఏమీ రాకపోయినా అడ్రినలిన్ (మందు పడకపోతే వెంటనే వేసే సూది) పక్కన ఉండాల్సిందే, వేసినాక కూర్చోబెట్టాల్సిందే. దానికన్నా టీకా చూడండి. చర్మంలోకి 0.1 మి.లీ. చొప్పున రెండు భుజాలకు: 0 (మొదటి సూది రోజు), 3, 7, 28 రోజులు. నారింజ తొక్క మాదిరి గుంటలతో చిన్న పొక్కు లేవాల. లేవలేదంటే సూది లోతుకు పోయింది, పక్కనే మళ్ళీ వేయాల. కలిపిన టీకా సీసా 6 నుంచి 8 గంటల్లో అయిపోవాల, అదీ 2-8 డిగ్రీల్లో పెట్టి. కండకైతే 0, 3, 7, 14, 28. పిరుదుకు మాత్రం ఎప్పుడూ వద్దు.

కొండకింద_కుర్రోడు
కొండ మీద కోతి గీరితే కూడా పది రోజులు కోతిని చూడాలా? 😀 బొడ్డు చుట్టూ 14 సూదులు ఇంకా ఉన్నాయా?

రిటైర్డ్_కాంపౌండర్
అది గొర్రె మెదడుతో చేసిన సెంపుల్ టీకా. కొందరికి నరాలే దెబ్బతినేవి. 2005 నాటికి మన దేశంలో పోయింది. అప్పటి చేతుల పనితనం ఇప్పుడు...

పశువుల_డాక్టరు_చిత్తూరు
పది రోజుల లెక్క కుక్కకు, పిల్లికే. జబ్బు బయటపడే ముందు కొద్ది రోజులే దాని చొంగలో వైరస్ వస్తుంది. కాబట్టి పదో రోజుకూ కుక్క హుషారుగా ఉంటే కరిచిన రోజు చొంగలో వైరస్ లేనట్టే. ఆ పది రోజులూ సూదులు ఆపి కూర్చోకూడదు, 0, 3, 7 పడాల్సిందే. కుక్క బాగుంటే మిగతా సూదుల సంగతి డాక్టరునే అడగండి, మీ అంతట మీరు మానొద్దు. వీధికుక్క కనబడకుండా పోతే మొత్తం వేయించండి. కోతికి ఈ లెక్క లేదు.

చంద్రగిరి_సిస్టరు
సీరం రేపైనా పనికొస్తుంది, ఇవాళైతే మేలు. మొదటి టీకా నుంచి ఏడో రోజు దాటితే వేయరు, ఒంట్లో తయారవుతున్న యాంటీబాడీలకు అడ్డం పడుతుంది. టీకా వేసిన చోట సీరం వేయొద్దు, ఒకే సిరంజీ వద్దు.

తిరుచానూరు_రోడ్డు
సాయంత్రమే తీసుకుపోతాము. గుడ్డు సంగతి?

చంద్రగిరి_సిస్టరు
పెట్టండమ్మా. గుడ్డు, కోడి, వంకాయ దేనికీ పథ్యం లేదు.

మందులషాపు_517501
అయినా కంపెనీ కాగితంలో తొడ అనే ఉంది. ఫోటో పెట్టమంటారా?