కుదవ పెట్టిన నగలు ఫైనాన్స్‌లో పనిచేసేవాడే కాజేస్తే, డబ్బు తిరిగి కడతానంటే శిక్ష తగ్గించాల్నా?

చిత్తూరు మామిడి రైతు:
తోతాపురి కాయ ఫ్యాక్టరీకి తోలి ఆ డబ్బు చేతికొచ్చే లోపల ఇంట్లో గాజులో కమ్మలో కుదవ పెట్టని రైతు మా పక్క తక్కువ. బ్రాంచిలో మనిషే ప్యాకెట్ విప్పి మన నగ తీసి కవరింగ్ నగ పెట్టినా, అదే నగని బామ్మర్ది పేరుతో మళ్ళీ కుదవ పెట్టి లోన్ లాగినా, దొరికినాక డబ్బు కట్టేస్తే జడ్జి కనికరించాలంటారా? నేనైతే ఒప్పుకోను. బయట దొంగ వస్తాడని ఇంటికి బీగం వేసుకుంటాం, ఈయనకి మనమే చేతికిచ్చి రసీదు తీసుకుంటిమి కదా.

లీలామహల్ సర్కిల్:
అన్నా నీ కోపం న్యాయమే, గానీ పదేళ్ళు లోపలేస్తే నగ వస్తుందా? మొదటిసారి తప్పు చేసినోడు, పిల్లలుంటారు, బయటుంటే నెలనెలా కడతాడు. ఇంకోటి, సేఫుకి రెండు తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయి, ఒక్కడే ఎట్లా తీస్తాడు? చిన్న ఉద్యోగిని పట్టుకోని పైవాళ్ళని వదిలేస్తే అది న్యాయం కాదు.

కోర్టు పక్షి:
చట్టం చూడండి. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరమైతే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్. మామూలు నమ్మకద్రోహానికి 5 ఏళ్ళ దాకా, ఉద్యోగి చేస్తే 7 దాకా, బ్యాంకరు, ఏజెంటు లాంటి హోదాలో చేస్తే 10 ఏళ్ళ దాకా లేదంటే యావజ్జీవం. పాత ఐపీసీ 406వ సెక్షన్‌లో మామూలు దానికి 3 ఏళ్ళే ఉండె. నమ్మకం పెరిగేకొద్దీ శిక్ష పెంచింది చట్టమే. కోర్టులో అసలు కొట్లాట ఇతను ఉద్యోగి కిందికొస్తాడా, ఏజెంటు కిందికా అనే దానిమీదే. యావజ్జీవం పడే సెక్షన్‌లో దోషి అని తేలితే 1958 ప్రొబేషన్ చట్టం నాలుగో సెక్షన్ కింద మంచి నడవడి బాండు రాయించుకోని వదలడం కుదరదు.

చిత్తూరు మామిడి రైతు:
లీలామహల్ తమ్ముడూ, రెండు తాళాల మాట నిజం, రెండోవాడికీ పడాల్సిందే, ఆడిట్‌లో చూసీ చూడనట్టు పోయినోడికి కూడా. కానీ దొరక్కముందే తనంతట వచ్చి కట్టినోడికీ, పోలీసులొచ్చినాక కట్టినోడికీ తేడా లేదా? రెండోవాడు కట్టేది బెయిలు కోసం. అయినా కట్టేది ఏ లెక్కన? కుదవ పెట్టిన నాటి రేటున ఇస్తే ఈరోజు అంత నగ రాదు, మజూరీ, తరుగు ఎవరిస్తారు? మా అమ్మ పెళ్ళినాటి కాసులపేరు లాంటిది పోతే దానికి రేటే లేదు. తీర్పు రోజు రేటున పూర్తిగా ఇచ్చినాకే తగ్గించే మాట ఎత్తండి, అప్పుడైనా జైలు ఉండాల్సిందే. ఆస్తి జప్తు ఎవరు అడగాల, మనమా?

కోర్టు పక్షి:
భారతీయ నాగరిక సురక్షా సంహిత 107వ సెక్షన్ కింద దర్యాప్తు చేసే పోలీసు అధికారి ఎస్పీ అనుమతి తీసుకోని కోర్టులో అర్జీ పెట్టాల. ఆ సొమ్ము నేరం వల్ల వచ్చిందని తేలితే కలెక్టర్ ద్వారా బాధితులకి పంచమని కోర్టు చెప్పొచ్చు, దానికి 60 రోజుల గడువు. నగలు పోయినోళ్ళంతా ఒక్కటై, రసీదుల జిరాక్సులతో, ఆ అర్జీ పెట్టమని స్టేషన్‌లో రాసిచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. ఆలస్యమైతే నగలు కాజేసినోడి ఇల్లు, స్థలం ఇంకోరి పేరుకి మారిపోతాయి.