12వ ప్రశ్న దగ్గర ఆట ఆపేయడం తప్పా, అసలు ప్రశ్నే తప్పా? (నిన్నటి ఎపిసోడ్ రీక్యాప్, చర్చ)

మూసీగట్టు

నిన్న రాత్రి కోటి రూపాయల ఆట చూడనివాళ్ల కోసం ముందు రీక్యాప్. ఫలితం కూడా ఇందులోనే ఉంది. తర్వాత చూద్దామనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.

హాట్ సీట్‌కి ఎవరు వెళ్లాలో తేల్చే ఫాస్టెస్ట్ ఫింగర్ ప్రశ్న మన ఊరి మీదే పడింది. చార్మినార్, హుస్సేన్ సాగర్, ఉస్మానియా యూనివర్సిటీ, సాగర్ మధ్యలో బుద్ధ విగ్రహం: వీటిని పాతదాని నుంచి కొత్తదాని వరకు పేర్చాలి. సాగర్ 1562, చార్మినార్ 1591, ఉస్మానియా 1918, విగ్రహం నిలబెట్టింది 1992. ఎక్కువమంది మొదటి రెండూ తారుమారు చేశారు. చెరువు ఇబ్రహీం కులీ కాలానిది, చార్మినార్ ఆయన కొడుకు మహమ్మద్ కులీ కట్టించింది అని గుర్తుంటే సంవత్సరాలతో పనే లేదు. మక్కా మసీదును జాబితాలో పెట్టకపోవడం మంచిదైంది. పునాది కుతుబ్‌షాహీలది, పూర్తయ్యేసరికి 1694, ఔరంగజేబు కాలం. దాన్ని ఎక్కడ పెట్టాలో సెట్టర్‌కే (ప్రశ్నలు తయారుచేసేవాడికే) తెలియదు.

హాట్ సీట్‌కి వద్దాం. మొదటి పది మామూలుగా గడిచాయి. ఆడియన్స్ పోల్ 7వ ప్రశ్నకి, ఫోన్ 10వ ప్రశ్నకి ఖర్చయ్యాయి. 11 దాటి చేతిలో 6,40,000. 12వ ప్రశ్న విలువ 12,50,000:

"మొదటి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ఏ సంవత్సరంలో విడుదలైంది?" ఎ) 1929 బి) 1931 సి) 1932 డి) 1934.

రెండు తప్పు ఆప్షన్లు తీసేసే 50:50 వాడితే 1931, 1932 మిగిలాయి. పోటీదారు చాలాసేపు ఊగిసలాడి, చేతిలో ఉన్నది తీసుకుని ఆట ఆపేశాడు. ఆడి ఉంటే ఏది లాక్ చేసేవారని హోస్ట్ ఎప్పట్లాగే అడిగితే 1932 అన్నాడు. పచ్చగా వెలిగింది 1931.

ఇప్పుడు చెప్పండి. ఆపడం సరైనదేనా? ఆ కీ (షో సరైనదని చూపించిన జవాబు) సరైనదేనా?

నిచ్చెన_లెక్క

రెండోది వేరేవాళ్లు చూసుకుంటారు, మొదటిదానికి లెక్క ఉంది. చేతిలో 6.4 లక్షలు. కరెక్టయితే 12.5. తప్పయితే 10వ మెట్టు దగ్గర ఖాయమైపోయిన 3.2కి పడతాడు. పోయేది 3.2, వచ్చేది 6.1. 3.2ని 9.3తో భాగిస్తే 0.344. అంటే తన జవాబు మీద 34.4 శాతానికి మించి నమ్మకం ఉంటే ఆడాలి. రెండు ఆప్షన్లే మిగిలాక కళ్లు మూసుకుని వేలు పెట్టినా 50 శాతం. సగటున 7.85 లక్షలు వచ్చే పందేన్ని 6.4కి వదిలేశాడు.

ఈ గీత ప్రతి మెట్టు దగ్గరా మారుతుంది. జనం మాత్రం పైకి వెళ్లేకొద్దీ భయం అన్న ఒక్క సూత్రంతో ఆడేస్తారు. 13 దగ్గర 42.7 శాతం, 14 దగ్గర 46.6, కోటి ప్రశ్న దగ్గర 48.3. నాలుగింటిలో 12వదే అన్నిటికన్నా చవక. 6, 11 ప్రశ్నల దగ్గరైతే గీతే లేదు. చేతిలో ఉన్నది, పడితే మిగిలేది ఒకటే కాబట్టి అక్కడ ఆపడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

10వది చూడటానికి ఖరీదుగా ఉంటుంది. చేతిలో 1.6, కరెక్టయితే 3.2, పడితే 10 వేలు: 48.4 శాతం. కానీ అది దాటితే 11 ఉచితంగా ఆడొచ్చు. ఊరికే గుడ్డిగా కొట్టినా నాలుగో వంతు అవకాశంతో ఇంకో 3.2 లక్షలు, అంటే సగటున 80 వేలు కలుస్తాయి. అది కలిపితే 10వ ప్రశ్న గీత 38.5కి దిగుతుంది. 10 దగ్గర ఆపేవాళ్లలో ఈ 80 వేలు లెక్కేసేవాళ్లు ఎవరూ కనబడరు.

ఇరానీ_చాయ్_2

గట్ల కాదన్నా. కాగితం మీద 7.85 అని మంచిగనే కొట్టినవ్. గని ఆ సగటు ఎప్పుడొస్తది? అదే ఆట వందసార్లు ఆడితే. ఆయనకు ఆ కుర్చీ జిందగీల ఒక్కసారే దొరుకుతది. చేతిల 6.4 ఉన్నోనికి 3.2 పోవుడంటే సగం పోయినట్టే.

ఇంకో ముచ్చట, ట్యాక్స్. గెలుపు మీద 30 శాతం ముందే టీడీఎస్ కోసి ఇస్తరు, సెస్‌తోని మొత్తం 31.2 అయితది. ఏ మినహాయింపు పనిచేయదు. 6.4 లక్షలు అంటే చేతికొచ్చేది 4,40,320. పడితే 2,20,160. ఇంటికి ఎంత పట్టుకపోతమో అది చూడాలె, స్క్రీన్ మీది అంకె కాదు.

నిచ్చెన_లెక్క

ట్యాక్స్ వాదన ఇక్కడ నిలవదు భయ్యా. మూడు అంకెల మీదా ఒకే శాతం కోత పడితే గీత కదలదు, 34.4 అలాగే ఉంటుంది. పై మెట్ల దగ్గర కొంచెం కదులుతుంది. ఆ ఏడాది మొత్తం ఆదాయం 50 లక్షలు దాటితే 10 శాతం సర్‌చార్జి పడి, కోటి మీద 34.32 శాతం పోతుంది. 12 దగ్గర దాని ఊసే లేదు.

కుర్చీ ఒక్కసారే అన్నమాట మాత్రం ఒప్పుకుంటాను. అప్పు తీర్చడానికి కచ్చితంగా 4 లక్షలు కావాల్సినవాడు ఆపేస్తే నేను తప్పు పట్టను. అలాంటి అవసరం లేనివాడు 50 శాతం అవకాశం ఉండి కూడా ఆపితే తప్పు పడతాను.

కోఠి_పాతపుస్తకాలు

డబ్బు సంగతి అటుంచండి, కీ సంగతి చూద్దాం. 1931 సెప్టెంబరు 15 అన్న తేదీ దశాబ్దాలుగా చెలామణిలో ఉంది. జీకే గైడ్లన్నీ ఒకదాన్ని చూసి ఒకటి అదే అచ్చేశాయి. తర్వాత పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత రికార్డులు తవ్వి తీసి చూపించారు. సినిమాకి బొంబాయిలో సెన్సార్ అయింది 1932 జనవరి 22న. విడుదల 1932 ఫిబ్రవరి 6న, బొంబాయిలోని కృష్ణా సినిమాలో. సెన్సార్ కాని బొమ్మ నాలుగు నెలల ముందే విడుదలైందనడానికి లేదు. ఇప్పుడు ఫిబ్రవరి 6నే తెలుగు సినిమా పుట్టినరోజుగా చెప్పుకుంటున్నారు. కాబట్టి పోటీదారు చెప్పిన 1932 కరెక్ట్, పచ్చగా వెలిగింది తప్పు.

‘పూర్తి’ అన్న మాట ప్రశ్నలో పెట్టడం వరకు సెట్టర్ జాగ్రత్తపడ్డాడు. 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలైన ‘కాళిదాస్’లో తమిళంతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. రెంటికీ దర్శకుడు హెచ్.ఎం.రెడ్డే. ఆ మాట లేకపోతే ఇంకో తగాదా మొదలయ్యేది. అంత జాగ్రత్తపడ్డవాడు సంవత్సరం దగ్గర గైడు నమ్మేశాడు.

బజర్_బాబు

ఇక్కడే నిచ్చెన_లెక్క గారి లెక్క జారుతుంది. ఆయన 50 శాతం అన్నది దేని మీద? సినిమా ఎప్పుడు విడుదలైందన్న దాని మీద కాదు, సెట్టర్ కీలో ఏముందన్న దాని మీద. హాట్ సీట్‌లో పందెం ఎప్పుడూ రెండోదాని మీదే.

వివాదం సంగతి తెలిసినవాడు కుర్చీలో ఉంటే 1932 నిజమని తెలిసి కూడా 1931 లాక్ చేయాలా? డబ్బు కోసమైతే ముందు సెట్టర్‌ని చదవాలి. ప్రశ్నలో తేదీ లేదు, ఊరు లేదు, ఉత్త సంవత్సరమే అడిగాడు. ఇది గైడు ప్రశ్న వాలకం. కొత్త పరిశోధన చదివినవాడు ఇంత పొడిగా అడగడు, "ఇటీవలి పరిశోధన ప్రకారం" అన్న ముక్క ఎక్కడో తగిలిస్తాడు. కాబట్టి కీ 1931 అయ్యే అవకాశం సగానికి చాలా ఎక్కువ.

ఇక లైఫ్‌లైన్ల వాడకం. 1929ని ఊరికే కొట్టేయొచ్చు. మన దేశపు మొదటి టాకీ ‘ఆలం ఆరా’యే 1931 మార్చి 14న వచ్చింది. అంటే 50:50 ఖర్చుపెట్టి ఆయన తీయించుకున్నది 1934 ఒక్కటే. తెలిసిన తప్పు ఆప్షన్ ఒకటి కళ్లముందు కనబడుతుంటే 50:50 విలువ సగం పోయినట్టే. మూడూ నిజంగా గందరగోళంగా ఉన్నచోట వాడాలి దాన్ని.

పోల్‌ని 7లో వాడటం మామూలుగా సరైన పనే. కష్టమైన ప్రశ్నల్లో ప్రేక్షకులు కూడా ఊహలే నొక్కుతారు. కానీ ఇలాంటి ప్రశ్నకి పోల్ బంగారం. జనానికి తెలిసిన తేదీ, గైడులో ఉన్న తేదీ ఒకటే కాబట్టి 1931 వైపే బార్లు లేచేవి. నిజం కోసం పోల్ అడగకూడదు, కీ కోసం అడగొచ్చు.

కోఠి_పాతపుస్తకాలు

తప్పని తెలిసి తప్పుని లాక్ చేయమనడం నాకు మింగుడు పడదు. అలా అందరూ గైడుకే దండం పెడితే ఆ 1931 ఇంకో వందేళ్లు పోదు.

బజర్_బాబు

నేను నీతి చెప్పట్లేదండీ, అక్కడ ఆట ఎలా నడుస్తుందో చెబుతున్నా.

నిచ్చెన_లెక్క

బజర్_బాబు గారి మాట ఒప్పుకుంటే నా మాట ఇంకా బలపడుతుంది. కీ 1931 అయ్యే అవకాశం 70 శాతం అనుకుందాం. అప్పుడు ఆపడం ఇంకా పెద్ద తప్పు. ఆయన నమ్మినట్టే 1932కి 60 శాతం అనుకుందాం. అప్పుడూ ఆడాలి. ఆడి ఉంటే 3.2కి పడేవాడు కదా అంటారు. అవును, పడేవాడు. ఫలితం చూసి నిర్ణయాన్ని తూచడం మొదలుపెడితే లాటరీ కొన్నవాళ్లలో గెలిచినవాడొక్కడే తెలివైనవాడు అనాల్సి వస్తుంది.

అఫ్జల్‌గంజ్_రీడింగ్‌రూం

సెట్టర్ పని గురించి రెండు మాటలు. ఏ ప్రశ్నకైనా రెండు ఆధారాలు చూడాలని అందరూ అంటారు. అవి ఒకదాన్ని చూసి ఒకటి రాసినవైతే అది ఒక్క ఆధారమే. ఐదు గైడుల్లో 1931 ఉంటే ఐదు సాక్ష్యాలు కావు. ఈ ప్రశ్నకి చూడాల్సింది ఆనాటి కాగితం: సెన్సార్ నమోదు, ఆ వారం పత్రికలో ప్రకటన.

రెండో పరీక్ష, కీని పక్కన పెట్టి తప్పు ఆప్షన్లలో ప్రతిదాన్నీ "ఇది ఎందుకు కరెక్ట్" అని వాదించి చూడటం. ఒక్క ఆప్షన్ అయినా రెండు నిమిషాలు నిలబడితే ప్రశ్న మార్చాలి. ఈ పరీక్ష చేయకే పడ్డవి చాలా ఉన్నాయి. దేశంలో ఎత్తైన శిఖరం ఏదంటే కాంచనజంగ (8,586 మీటర్లు) అని కీ, కే2 (8,611) అని వాదన. "భారత్ అధీనంలో" అన్న రెండు మాటలు కలిపితే తగాదా పోతుంది. భాషా ప్రాతిపదికన మొదటి రాష్ట్రం ఏదంటే ఆంధ్ర, 1953 అక్టోబరు 1 అని కీ. 1936లో ఏర్పడ్డ ఒరిస్సా ప్రావిన్స్ సంగతేమిటని ఒడియావాళ్లు లేస్తారు. "స్వాతంత్ర్యం తర్వాత" అని రాస్తే సరి.

క్లబ్ క్విజ్‌లో అయితే క్విజ్‌మాస్టర్‌ని అక్కడికక్కడే నిలదీయొచ్చు. టీవీలో రికార్డింగ్ అయిపోయి, ఎడిటింగ్ అయిపోయి, మనకి కనబడేసరికి చెక్కు కూడా వెళ్లిపోతుంది. అందుకే టీవీ సెట్టర్ ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

ఇరానీ_చాయ్_2

మరి కీ తప్పని తేలితే ఆయన్ని మళ్ల పిలుస్తరా?

అఫ్జల్‌గంజ్_రీడింగ్‌రూం

పిలిచిన సందర్భాలున్నాయి. 1999లో అమెరికాలో ఇదే తరహా ‘హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్’ షోలో, అక్కడి గ్రేట్ లేక్స్ అనే ఐదు పెద్ద సరస్సుల్లో సుపీరియర్ తర్వాత వైశాల్యంలో పెద్దది ఏదని అడిగారు. పోటీదారు హ్యూరన్ అన్నాడు, కీ మిషిగన్ అంది. హ్యూరనే పెద్దదని తేలాక అతన్ని వెనక్కి పిలిచి ఆడించారు. అదే ఏడాది బ్రిటన్‌లో తిరగబడింది. టెన్నిస్‌లో సెట్ గెలవడానికి కనీసం ఎన్ని షాట్లు కొట్టాలి అంటే కీ 24. నిజానికి 12 చాలు. తన మూడు సర్వీస్ గేముల్లో 12 ఏస్‌లు (అవతలివాడు అందుకోలేని సర్వీసులు), మిగతా మూడు గేముల్లో అవతలివాడి డబుల్ ఫాల్టులు. 24 చెప్పి గెలిచినవాడి డబ్బు వెనక్కి తీసుకోలేదు.

ఇక్కడ చిక్కేమిటంటే మనవాడు లాక్ చేయలేదు. 1932 లాక్ చేసి 3.2కి పడి ఉంటే, ఫిబ్రవరి 6 కాగితాలు పట్టుకుని కూర్చుంటే కేసు గట్టిది. ఆట ఆపాక చెప్పిన జవాబుకి విలువ లేదు. తన ఇష్టంతో 6.4 తీసుకుని లేచాడు, నష్టం ఎక్కడ అంటారు. ఆపడంలో ఉన్న ఈ ఖర్చు పై లెక్కల్లో ఎవరూ వేయలేదు.

ఛానెల్‌కి రాసేవాళ్లు మాత్రం పోటీదారు సంగతి కాక ప్రశ్న సంగతి రాయండి. ప్రసారమైన తేదీ, ప్రశ్న నంబరు, స్క్రీన్ ఫోటో, నాలుగు ఆప్షన్లు, వెలిగిన జవాబు, సెన్సార్ తేదీ. అరపేజీ దాటొద్దు.

మూసీగట్టు

సరే, ఈ ప్రశ్ననే సరిచేసి అడగాలంటే ఎలా అడుగుతారు? నా వంతు: "1932 జనవరిలో సెన్సార్ అయిన మొదటి పూర్తి తెలుగు టాకీకి దర్శకుడు ఎవరు?"

కోఠి_పాతపుస్తకాలు

జవాబులో తగాదా లేదు, హెచ్.ఎం.రెడ్డే. కానీ అది 12.5 లక్షల ప్రశ్న కాదు, 40 వేల ప్రశ్న. పై మెట్టుకి "ఈ సినిమా మొదట ఏ నగరంలో విడుదలైంది?" అని అడగండి. హైదరాబాద్, మద్రాస్, బెజవాడ, బొంబాయి.

బజర్_బాబు

అదీ గైడులో చూసి కీ రాయకుండా ఉంటేనే.