ఒక చేతిలో బ్యాలెట్ పేపరు, ఇంకో చేతిలో ఆర్మలైటు: దీన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

నిన్న చర్చలో ఒకరు ఉత్తర ఐర్లండ్ నాయకుడు డానీ మోరిసన్ అన్న ఈ మాటని (ఆర్మలైటంటే ఒక రకం రైఫిలు) "బ్యాలెట్టా బుల్లెట్టా" అని తెలుగు చేశారు కదా, దాని మీద నా అభ్యంతరం చెప్తాను. వినడానికి ప్రాస బానే ఉంది, మనకి నక్సలైట్ల వార్తల్లో ఏళ్ల తరబడి చదివి అలవాటైపోయిన మాట కూడా, కానీ అర్థం పూర్తిగా తిరగబడిపోయిందండీ.

మోరిసన్ది బెల్ఫాస్ట్, 1953లో పుట్టాడు, ఉత్తర ఐర్లండ్ని బ్రిటన్ నుంచి విడదీసి ఐర్లండ్లో కలపాలనే షిన్ ఫేన్ పార్టీకి 1979 నుంచి ప్రచార విభాగం చూసేవాడు. 1981 అక్టోబరు చివర్లో డబ్లిన్‌లో పార్టీ మహాసభ. అప్పటికి, అదే లక్ష్యంతో బ్రిటన్ మీద ఆయుధాలు పట్టిన ఐఆర్ఏ సంస్థ మనిషి బాబీ సాండ్స్ జైల్లో నిరాహారదీక్షలో ఉండగానే ఎంపీగా గెలిచి, మే 5న చనిపోయాడు, ఆ దీక్షల్లో మొత్తం పదిమంది పోయారు. ఓటుకి ఇంత బలం ఉందా అని వాళ్లకి అప్పుడే తెలిసొచ్చింది, కానీ ఓట్ల దారి పడితే సాయుధ పోరాటం చల్లారిపోతుందేమోనని చాలామందికి భయం. అలాంటి సభలో మోరిసన్ లేచి అడిగాడు: "బ్యాలెట్ పెట్టెతో ఈ యుద్ధం గెలుస్తామని ఇక్కడ నిజంగా ఎవరు నమ్ముతున్నారు? కానీ ఈ చేతిలో బ్యాలెట్ పేపరూ, ఇంకో చేతిలో ఆర్మలైటూ పట్టుకుని ఐర్లండ్‌లో మనం అధికారం తీసుకుంటే ఎవరికైనా అభ్యంతరమా?"

చూడండి, ఇందులో "ఇదా అదా" లేదు, "ఇదీ అదీ" ఉంది. మన "బ్యాలెట్టా బుల్లెట్టా" ఏదో ఒకటి తేల్చుకోమంటుంది, ఆయన తేల్చుకోనక్కర్లేదంటున్నాడు. ఒక్క దీర్ఘం మారితే మనిషి రాజకీయమే మారిపోతుంది. "రెండు పడవల మీద కాళ్లు" అని ఇంకొకరు సూచించారు, అదీ కుదరదు, అందులో మునిగిపోతాడనే తీర్పు ముందే ఉంది. అలాగే ఆర్మలైట్‌ని ఉత్త "తుపాకి" చెయ్యొద్దు, మనం ఏకే ఫార్టీసెవెన్ అని పేరు పెట్టి చెప్పినట్టే వాళ్లకి ఆ పేరు.

"మనం" అని ఎందుకు రాశానంటే, ఎదురుగా ఉన్నది సొంత పార్టీవాళ్లు. అసలు షిన్ ఫేన్ అన్న పేరే ఐరిష్‌లో దాదాపు "మనమే" అని. ఐరిష్‌లో మనం, మేం అన్న తేడా లేదు, తెలుగు మాత్రం ఎంచుకుని తీరాలంటుంది. "మేమే" అంటే తలుపు వేసుకున్నట్టుంటుంది, "మనమే" అంటే పక్కవాణ్ణి కూడా కలుపుకున్నట్టుంటుంది. నా ఓటు మనమే.

ఇక చర్చలో మోరిసన్ని "రాజకీయ విశ్లేషకుడు" అన్నారు కదా, దాని గురించి. 1990లో అరెస్టయి, 1995 దాకా జైల్లో ఉన్నాడు, ఆ శిక్షని 2008లో కోర్టు కొట్టేసింది. బయటికొచ్చాక పార్టీ పదవుల జోలికి పోకుండా నవలలు, పత్రికల్లో వ్యాసాలు రాసుకుంటూ వచ్చాడు. విశ్లేషకుడంటే మనకి టీవీలో పక్కన నిలబడి లెక్కలు చెప్పేవాడు గుర్తొస్తాడు. ఈయన తను నడిచిన దారి గురించి, తన పక్షాన నిలబడే మాట్లాడతాడు, దానికి "వ్యాఖ్యాత" నయం.

ఒకటి మాత్రం నాకు తెగట్లేదు. 1982లో మిడ్ అల్‌స్టర్ నుంచి ఉత్తర ఐర్లండ్ అసెంబ్లీకి గెలిచాడు, కానీ షిన్ ఫేన్ వాళ్లెవరూ ఆ సభలో కూర్చోలేదు, అది అప్పటి పార్టీ విధానం. మరుసటి ఏడాది అక్కడే వెస్ట్‌మినిస్టర్ (బ్రిటన్ పార్లమెంటు) సీటు 78 ఓట్లతో పోయింది, గెలిచినా అక్కడికీ వెళ్లేవాడు కాదు. "బహిష్కరణ" అంటే మనకి ఎన్నికల బహిష్కరణ, లేదా సభలోంచి వాకౌట్ గుర్తొస్తాయి. వీళ్లు పోటీ చేస్తారు, ఓట్లడుగుతారు, గెలుస్తారు, సీట్లో మాత్రం కూర్చోరు. దీనికి ఒక్క తెలుగు మాట ఎవరికైనా తడితే చెప్పండి, నేనైతే ప్రస్తుతానికి "గెలిచీ కూర్చోకపోవడం" అని రాసుకున్నాను.