టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ బిల్లు ఇన్సూరెన్స్‌లో ఎవరికైనా పాస్ అయిందా? బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు వాళ్లు చెప్పండి

బరంపురం_బాబు

నాకు 41. తొమ్మిది నెలల కిందట విశాఖలో పిట్యూటరీ (మెదడు కింద ఉండే హార్మోన్ల గ్రంథి) గడ్డకి ముక్కులోంచి ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, ఆ గ్రంథి చేసే పని కూడా చాలావరకు పోయింది. రోజూ థైరాయిడ్ మాత్ర, స్టెరాయిడ్ మాత్ర. వాటికి తోడు టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్, అదీ జీవితాంతం.

ఆపరేషన్ డబ్బు ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ లేకుండా ఇచ్చారు. డిశ్చార్జి అయిన 44వ రోజున వేయించుకున్న మొదటి ఇంజెక్షన్ బిల్లు పెడితే మాత్రం, ఇది మగతనం పెంచుకునే మందు, కవర్ కాదు అన్న అర్థంలో ఉత్తరం వచ్చింది. అది చదివి మా ఆవిడ చూడకుండా జేబులో పెట్టేసుకున్నాను. తర్వాత పెట్టిన రెండు బిల్లులూ ఓపీ, అంటే ఆస్పత్రిలో చేరకుండా చేయించుకున్న వైద్యం అని కొట్టేశారు. ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు. ఇక్కడైతే ముఖం కనబడదు కదా అని రాస్తున్నాను.

రైలుబండి_రాయగడ

సిగ్గెందుకు బాబూ, షుగర్ ఉన్నవాడు ఇన్సులిన్ పొడుచుకుంటే ఎవడైనా నవ్వుతాడా? నేను రైల్వేలో రిటైరయ్యాను. రిటైరయ్యేటప్పుడు ఒక్కసారి డబ్బు కట్టి మెడికల్ కార్డు తీసుకున్నాను కాబట్టి ఓపీ మందులు కూడా రైల్వే ఆస్పత్రి నుంచే వస్తాయి. నా ఇంజెక్షన్ స్టాకు లేకపోతే తెప్పిస్తారు, కాస్త తిప్పుతారు అంతే. బయటి పాలసీల సంగతి నాకు తెలీదు. క్లెయిమ్‌డెస్క్ గారు ఉన్నారా?

మందులషాపు_పర్లాకిమిడి

షాపువాడిగా ఒక మాట. టెస్టోస్టిరాన్ అంటే ఒకటే మందు కాదు. ఎనాంథేట్ రకం 250 మిల్లీగ్రాములది రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తారు, ఖరీదు వందల్లో ఉంటుంది. అండెకనోయేట్ 1000 మిల్లీగ్రాములది మొదటి డోసు తర్వాత ఆరు వారాలకి రెండోది, ఆపైన 10 నుంచి 14 వారాలకోసారి. అది వేలల్లో. క్లెయిమ్ ఎటూ రాదని తేలితే చవక రకానికి మారొచ్చేమో డాక్టర్ని అడగండి. చవక రకంతో మొదటి వారం హుషారు, చివరి వారం నీరసం ఉంటాయని మా కస్టమర్లు అంటారు. ఇంకొకటి, ఇది షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాలి. చీటీ లేకుండా ఇచ్చే షాపు ఇచ్ఛాపురంలో ఉందని అటు పరిగెత్తకండి. బిల్లు సరిగా లేకపోతే మీ ఫైలంతా చెడుతుంది.

క్లెయిమ్‌డెస్క్

ఉన్నాను. భువనేశ్వర్‌లో పదకొండేళ్లు టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున క్లెయిములు చూసే సంస్థ) డెస్కులో ఇలాంటి ఫైళ్లు చూశాను. బాబు గారి బిల్లులు మూడూ ఒకటి కావు. విడివిడిగా చూడాలి.

44వ రోజు బిల్లు మీకు రావాల్సిందే. మామూలు పాలసీల్లో ఆస్పత్రిలో చేరకముందు 30 రోజులు, డిశ్చార్జి తర్వాత 60 రోజుల ఖర్చు ఉంటుంది. కొన్నింటిలో 90, 180 కూడా. షరతు ఏమిటంటే, ఆ ఖర్చు చేరిన జబ్బుకే సంబంధించి ఉండాలి. పిట్యూటరీ తీసేస్తే హార్మోన్ పడిపోయింది, దానికే ఇంజెక్షన్. ఇంతకంటే సంబంధం ఏముంటుంది? వాళ్లు ఎందుకు కొట్టేశారో నేను ఊహించగలను. చీటీ మీద డాక్టరు గారు ఏం రాశారో చూడండి. 'వీక్‌నెస్' అనో 'లో టెస్టోస్టిరాన్' అనో ఉంటుంది. డెస్కులో కుర్రాడికి రోజుకి బోలెడు ఫైళ్లు, ఆ మాట చూడగానే టిక్కు పెట్టేస్తాడు. నేనూ పెట్టినవాడినే. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గర 'ఆపరేషన్ తర్వాత వచ్చిన హైపోపిట్యూటరిజం, ఐసీడీ కోడ్ ఇ 89.3' అని ఒక పేజీ రాయించుకోండి. పిట్యూటరీ సరిగా పనిచేయకపోవడానికి డాక్టర్ల పేరు అది, కోడ్ ఆ జబ్బు నంబరు. దానికి ఉదయం రక్తపరీక్షల రిపోర్టులు, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ (పిట్యూటరీ హార్మోన్లు) రిపోర్టు జతచేసి కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి పంపండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ తగాదాలు తీర్చే అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. కంపెనీ చివరి తిరస్కరణ నుంచి ఏడాది లోపు వెళ్లాలి. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

అరవై రోజులు దాటాక పెట్టిన రెండు బిల్లులు రావు. చిలక్కి చెప్పినట్టు చెబుతున్నాను, రావు. ఇన్‌పేషెంట్ పాలసీ అంటే 24 గంటలు మంచం మీద ఉండాలి, లేదా డే కేర్ అవ్వాలి. డే కేర్ అంటే మత్తు ఇచ్చి చేసే చికిత్స. పిర్రకి ఇంజెక్షన్ డే కేర్ కిందికి రాదు. ఓపీ రైడర్ (అదనంగా తీసుకునే ఓపీ కవర్) ఉన్న పాలసీ అయితే దాని పరిమితి మేరకు వస్తుంది. ఆఫీసు గ్రూపు పాలసీలో ఓపీ ఉందేమో హెచ్‌ఆర్‌ని అడగండి, చాలామందికి ఉండి కూడా తెలీదు.

బరంపురం_బాబు

చీటీ ఇప్పుడే చూశాను. 'జనరల్ వీక్‌నెస్' అని ఉంది! ఇక్కడ మా వీధి చివర డాక్టరు రాసినది, ఎందుకంటే ఇంజెక్షన్ వేసింది ఆయనే. ఇంకో సంగతి, ఒక నర్సింగ్ హోమ్ వాళ్లు 'ఒక రోజు అడ్మిట్ అయినట్టు చూపిద్దాం, క్యాష్‌లెస్ అయిపోతుంది' అన్నారు.

క్లెయిమ్‌డెస్క్

ఆ మాట అన్నవాళ్ల గుమ్మం మళ్లీ తొక్కకండి. ఉత్త పరీక్షల కోసం, అవసరం లేని అడ్మిషన్ కోసం ఖర్చు ఇవ్వరని ప్రతి పాలసీలోనూ ఉంది. అది చిన్న నష్టం. దొంగ క్లెయిమ్ అని తేలితే పాలసీయే రద్దు చేస్తారు. ఐదేళ్లు నిండిన పాలసీని కంపెనీ పాత విషయాలు తవ్వి ప్రశ్నించకూడదని 2024 నుంచి నియమం ఉంది కానీ, మోసానికి ఆ రక్షణ వర్తించదు. రేపు గడ్డ మళ్లీ వస్తే ఏ మొహంతో వెళ్తారు?

జయపురం_కోడలు

మా వారికి 34. పిల్లలు లేరు. ఇక్కడ ఒకాయన పరీక్ష ఒక్కసారి, అదీ సాయంత్రం చేయించి టెస్టోస్టిరాన్ మొదలుపెట్టారు. నాలుగు ఇంజెక్షన్లు అయ్యాయి. ఇన్సూరెన్స్ వాళ్లు 'సంతానలేమి చికిత్స, కవర్ కాదు' అన్నారు. అసలు ఈ మందు పిల్లల కోసం పనిచేస్తుందా?

మందులషాపు_పర్లాకిమిడి

అమ్మా, ఇన్సూరెన్స్ సంగతి తర్వాత. ముందు విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఎండోక్రైనాలజిస్టుని (హార్మోన్ల డాక్టరుని) కలవండి, ఈ వారంలోనే. బయట నుంచి టెస్టోస్టిరాన్ వేస్తే శరీరం సొంతంగా వీర్యకణాలు తయారు చేయడం తగ్గిపోతుంది. పిల్లలు కావాలనుకునే వాళ్లకి ఇది వేయకూడదని నేర్చుకున్న వాళ్లు చెబుతారు, వాళ్లకి హెచ్‌సీజీ అనే హార్మోన్ ఇంజెక్షన్ లాంటి వేరే దారి ఉంటుంది. ఆపితే చాలామందికి నెలల్లో కోలుకుంటుంది, భయపడకండి. పరీక్ష కూడా ఉదయం ఎనిమిది, పది మధ్య, పరగడుపున, వేరువేరు రోజుల్లో రెండుసార్లు చేయాలి. సాయంత్రానికి ఆ హార్మోన్ అందరికీ తగ్గుతుంది.

జయపురం_కోడలు

రాత్రంతా నిద్ర లేదు. మా అత్తగారికి ఏం చెప్పాలో తెలియట్లేదు. శుక్రవారం విశాఖ వెళ్తున్నాం.

డాలస్_తమ్ముడు

నేను పర్లాకిమిడి వాడినే, ఇప్పుడు డాలస్‌లో. ఇక్కడ మందుకి కూడా ఇన్సూరెన్స్ ఉంటుంది, కానీ ముందస్తు అనుమతి కావాలి. రెండు ఉదయపు పరీక్షలు తక్కువ రావాలి, లక్షణాలు ఉండాలి, కారణం రాయాలి. అమెరికా యూరాలజీ సంఘం గీత డెసిలీటరు రక్తానికి 300 నానోగ్రాములు, అంతకంటే తక్కువ ఉండాలి. 310 వచ్చిన మా రూమ్మేట్‌కి ఇవ్వలేదు, వాడు ఇంకా తిడుతున్నాడు. పెద్ద దేశమైనా కాగితం సరిగా లేకపోతే అంతే సంగతులు.

గుణుపురం_మాస్టారు

నాకు 66, నాకూ టెస్టోస్టిరాన్ ఇంజెక్షనే రాశారు, పాలసీ అసలు లేదు. ఈ వయసులో తీసుకోబోతే ప్రీమియం చూసి గుండె దడ. నాకు ఎవరైనా దారి చెబుతారా?

క్లెయిమ్‌డెస్క్

మాస్టారూ, పాత పద్ధతిలో టాక్సు కడుతుంటే మీకు ఒక వీలుంది. 60 దాటి, ఆరోగ్య బీమా లేనివాళ్ల వైద్య ఖర్చుకి ఆదాయపన్నులో ఏడాదికి 50,000 దాకా మినహాయింపు. అందులో ఓపీ మందుల బిల్లులు కూడా వస్తాయి. నగదు ఇవ్వకుండా యూపీఐనో కార్డో వాడండి. పాలసీ తీసుకుంటే మాత్రం ఇంజెక్షన్ సంగతి దాచకండి. ముందునుంచి ఉన్న జబ్బుకి మూడేళ్లకు మించి వెయిటింగ్ పెట్టడానికి లేదు. ప్రీమియం మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు.

పేరు_చెప్పను

రాయగడ నుంచి. నేను ట్రాన్స్ మగవాడిని, నాకూ ఇదే ఇంజెక్షన్. బయటి పాలసీల్లో లింగ మార్పు చికిత్స కవర్ కాదని సూటిగా రాసి ఉంటుంది, ఎన్ని ఉత్తరాలు రాసినా లాభం లేదు. ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ అని ట్రాన్స్‌జెండర్ల ఆరోగ్య పథకానికి 2022లో ఒప్పందం చేశారు, ఏడాదికి ఐదు లక్షలు. దానికి నేషనల్ పోర్టల్ నుంచి ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్ ఉండాలి. నాది కలెక్టరాఫీసులో ఆగింది. ఎవరికైనా వచ్చిందా?

రైలుబండి_రాయగడ

నాకు తెలీదు నాయనా, కానీ కలెక్టరాఫీసులో నాకు తెలిసిన గుమాస్తా ఉన్నాడు. మెసేజ్ పెట్టు.

బరంపురం_బాబు, నెల తర్వాత

విశాఖ డాక్టరు గారు ఒక పేజీ కాదు, రెండు పేజీలు రాసిచ్చారు. గ్రీవెన్స్‌కి పంపిన 19వ రోజున 'పరిశీలించి అనుమతించాము' అని మెయిల్. ఒక్క ఇంజెక్షన్ బిల్లే, అయినా ఆ మెయిల్ మా ఆవిడకి నేనే చదివి వినిపించాను. ఇంతలో కొత్త తలనొప్పి. పాలసీలో 'వెంకట', ఇక్కడ తీసిన ఆధార్‌లో 'బెంకట'! ఒడియాలో 'వ' రాయమంటే 'బ' అయిపోతుంది కదా. పేరు కలవట్లేదని డబ్బు ఆపారు.

పాలసీ తీసుకున్నది విశాఖ బ్రాంచిలో, నేనేమో ఉండేది ఇక్కడ. రేపు వీళ్లు మొండికేస్తే ఏ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవాలి?

క్లెయిమ్‌డెస్క్

మీరు ఉండే చోటు ప్రకారం భువనేశ్వర్, బ్రాంచి ప్రకారం హైదరాబాద్. ఎటైనా చెల్లుతుంది. కానీ ఇంత చిన్న దానికి అక్కడిదాకా ఎందుకు, పాన్ కార్డులో 'వెంకట' అని ఉంటే అది పంపండి చాలు.

గుణుపురం_మాస్టారు

బాబూ, మీది 1000 మిల్లీగ్రాముల పెద్ద ఇంజెక్షన్ కదా. నాకు వచ్చే వారం అదే వేస్తామంటున్నారు. నొప్పా?

బరంపురం_బాబు

నాలుగు మిల్లీలీటర్లు, ఆముదంలో కలిపిన మందు మాస్టారూ! చిన్నప్పుడు అమ్మమ్మ నోట్లో పోసింది, ఇప్పుడు పిర్రలో పోస్తున్నారు. నెమ్మదిగా, రెండు నిమిషాలు పట్టేలా వేయమనండి, తొందరపడే నర్సయితే చెప్పి ఆపండి. వేశాక అరగంట అక్కడే కూర్చోండి, కొందరికి వెంటనే దగ్గు వస్తుందట. పాన్ కార్డు పంపాను, ఇంకా డబ్బు పడలేదు.